పెద్దబాపు, ఆయన జెర్రిపోతు

మా పెద్దబాపు పోయిన సోమవారం పొద్దున కరీంనగర్ దవాఖానలో చనిపోయాడు. పాము కరిచింది. మూడు రోజులు మిషను ఆయన తరఫున ఊపిరి తీసింది, నాలుగో రోజు అది కూడా ఆగింది.

శవం లేవకముందే మా వాడకట్టులో ఒక మాట లేచింది. "పామును సాకినోడు పాము చేతిలనే పోయిండు." చావింటికి వచ్చినవాళ్లు ఏదో ఒకటి అనాలి కదా, అన్నారు. చాయ్ తాగుతూ అన్నారు, బీడీ ముట్టించుకుంటూ అన్నారు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో నాకూ, నన్ను కన్న మా అవ్వకూ తప్ప అక్కడెవరికీ తెలియదు. ఆయన్ను తలుచుకుంటూ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను గాని, ఆ తప్పు దిద్దకుండా తలుచుకునే ముఖం నాకు లేదు.

మాది కరీంనగర్‌కు గంట దూరంలో నేతపని ఊరు. పెద్దబాపు మా బాపుకు అన్న. ఒకే వాకిలికి అటు ఆయన ఇల్లు, ఇటు మా ఇల్లు, నడుమ నీళ్ల హౌజు, వెనక రెండు సాంచల షెడ్డు. సాంచలంటే కరెంటు మగ్గాలు. నలభై ఏళ్లు ఆ చప్పుడులో ఉండి ఆయన చెవులు పోయాయి. కుడికంట్లో పొర కూడా వచ్చింది. ఎడమ కంటితో మన పెదవులు చూసి మాట అందుకునేవాడు. మాట్లాడుతూ ముఖం తిప్పుకున్నామా, "తిడితే తిట్టు గని, నోరు గిటు పెట్టి తిట్టు" అనేవాడు.

పెద్దమ్మ నేను బడికి పోకముందే పోయింది. పిల్లలు లేరు. ఎవరైనా పాపం అంటే ఆయనకు మండేది. "ఎందుకు లేరు? వాకిలి నిండ ఉన్నరు" అని వేళ్ల మీద చెప్పేవాడు. బల్లులు, తొండలు, ఉడుతలు, హౌజులో తాబేలు, షెడ్డు వెనక జెర్రిపోతు, తర్వాత నేను. ఆ వరసలో నా నంబరు ఎప్పుడూ ఆఖరిదే.

సాయంత్రం పని అయిపోయినా షెడ్డులో ట్యూబులైటు ఆర్పనిచ్చేవాడు కాదు. "జర ఆగు బిడ్డా, బల్లి ఇంక తింటుంది. అన్నం ముంగటికెళ్లి ఎవలన్న లేపుతరా?" అనేవాడు. తాబేలును ఒక ఎండాకాలం ఎండిపోయిన వాగులోంచి రుమాలులో మూటగట్టుకొని తెచ్చాడు. ప్రతి ఆదివారం కొబ్బరిపీచుతో దాని వీపు తోమేవాడు. నా తలకు అంత శ్రద్ధగా మా అవ్వ కూడా ఎన్నడూ నూనె పెట్టలేదు.

అందరికంటే మీద జెర్రిపోతు, విషం లేని పాము. షెడ్డు వెనక రాళ్ల గోడ సందులో ఉండేది. సాంచలు నడుస్తున్నంతసేపు ఎప్పుడో గాని బయటికి వచ్చేది కాదు. కరెంటు పోయి చప్పుడు ఆగిందంటే మెల్లగా వచ్చి గోడమీద ఎండకు పరుచుకునేది. ఆయనా బయటికి వచ్చి గోడకు ఇవతల బండమీద కూర్చొని బీడీ తాగేవాడు. "కరెంటు పోతే మా ఇద్దరికీ సెలవు" అనేవాడు. "దానికి చెవులు లెవ్వు, నాకు చెవులు పోయినయ్. గందుకే పొత్తు గుదిరింది."

నూలు కొరికే ఎలుకలు ఊళ్లో ప్రతి షెడ్డులో ఉన్నాయి. మా షెడ్డులో లేవు. అయినా వాడకట్టు ఆడవాళ్లకు భయమే. జెర్రిపోతు ఉన్నచోటికి నాగుపాము వస్తుందని మా దిక్కు ఒక నమ్మకం. అవ్వ ఆ మాట ఎత్తినప్పుడల్లా పెద్దబాపు చెయ్యి అడ్డంగా ఊపేవాడు. "ఉన్నకాడికి కాదు, లేనికాడికి వస్తది. ఎలుకలుంటే వస్తది. ఇది ఉంటే ఎలుకలేడియి?"

ఏటా అది కుబుసం విడిచేది. ఆయన దాన్ని రాళ్ల నడుమ నుంచి చినగకుండా తీసి, పెద్దమ్మ పెండ్లి చీర ఉన్న పెట్టెలో మడత పెట్టేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకటి నా అరచేతుల్లో పరిచి, తన చేత్తో నా కళ్లు మూశాడు.

"కండ్లతోటి చూడకు. కండ్లు మోసం చేస్తయ్, వేళ్లు చెయ్యవు. నడుమ తడుము. గరుకు తాకుతుందా?"

తాకింది. వీపు మీద సన్నగా, గీతలు గీసినట్టు.

"గది జెర్రిపోతు. నాగుకు గీ గరుకుండది. నెత్తికెళ్లి తోకదాక నున్నగ, పట్టు లెక్కుంటది. నున్నగుంటే ఆడ నిలవడకు."

ఆయన బతుకంతా ఆ వేళ్లలోనే ఉంది. సాంచ నడుస్తుంటే ఎడమచెయ్యి బట్టమీద తిరుగుతూనే ఉండేది. పోగు తెగితే అక్కడ సన్నటి సందు పడుతుంది. నా కళ్లకు కనిపించని సందు ఆయన వేలికి తగిలేది, వెంటనే సాంచ ఆపేవాడు. "తెగింది తెగినట్టు చెప్పుకోని ముడెయ్యాలె. ఎవలు చూస్తరులే అని నడిపిస్తే, గా సందు బట్ట ఆఖరిదాక నీ ఎంబడి వస్తది" అనేవాడు. నేను బట్ట గురించే చెబుతున్నాడనుకున్నాను.

నిరుడు చలికాలం పురిటికి పుట్టింటికి వచ్చాను. పాప పుట్టింది. మా ఆయనది ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు పని, వానలు వెనకబట్టాక తీసుకుపోతానన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి పాప పాకడం మొదలుపెట్టింది. పెద్దబాపు సంబరం చూడాలి. తన లెక్కలో నాకు ముందు ఒక నంబరు పెంచి పాపకిచ్చాడు. నేనింకా ఆఖరే.

ఒకరోజు పగలు వసారాలో చాప మీద పాపను పడుకోబెట్టి హౌజు దగ్గరికి వెళ్లి వచ్చాను. చాపకు మూరెడు దూరంలో జెర్రిపోతు నిండు పొడవున సాగి పోతోంది. తల ఎత్తలేదు, పాప దిక్కు చూడను కూడా లేదు. గోడవైపు దాని దారిన అది పోతోంది. చిన్నప్పటి నుంచి ఎరిగిన పామే. కాని తల్లినయ్యాక చూడటం అదే మొదటిసారి. కేక పెట్టాను. ఆ కేక షెడ్డులో ఉన్న పెద్దబాపుకు వినపడదు. మా స్నానాల గదికి బండలు వేస్తున్న మేస్త్రీ గడ్డపార పట్టుకొని ఉరికొచ్చాడు.

"కొట్టాల్నా అక్కా?"

"కొట్టు" అన్నాను.

రెండు దెబ్బలకు అయిపోయింది. ఊరవతల తీసుకుపోయి కాల్చేశాడు. నేను పాపను చంకనేసుకొని నిలబడి చూస్తుంటే అవ్వ వసారా కడిగింది. "మీ పెద్దబాపుకు చెప్పకు బిడ్డా. అన్నం ముట్టడు. నాల్గు రోజులైతే ఆయిననే మర్సిపోతడు" అంది.

మరిచిపోలేదు. కరెంటు పోయినప్పుడల్లా పోయి బండమీద కూర్చునేవాడు. "కనవడ్తలేదు బిడ్డా, ఎటు పోయింది?" అని అడిగేవాడు. "పొద్దుగాల చూసిన పెద్దబాపూ, నువ్వు పనిల ఉన్నవ్" అనేదాన్ని, నోరు ఆయన కంటికి బాగా కనిపించేటట్టు పెట్టి మరీ. మొదటి అబద్ధానికి పెదవి తడబడింది. మూడోదానికి తడబడలేదు.

వానలు పడ్డాయి. షెడ్డులో ఎలుకలు మొదలయ్యాయి. కొరికిన నూలు కండెలు చేతిలో పట్టుకొని, "ముసలిదైంది, పని చేతనైతలేదు దానికి" అని వెనకేసుకొచ్చేవాడు. నేను తల ఊపేదాన్ని. ఆ నమ్మకాన్ని కళ్లారా చూశాను. అయినా చెప్పలేదు. చెబితే నన్ను ఏమీ అనడని తెలుసు, అదే నా భయం.

అప్పుడు గోడ సందులో ఒక కుబుసం కనిపించింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నా అబద్ధానికి సాక్షి దొరికినట్టయింది. తీసుకుపోయి ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన ముఖం విచ్చుకుంది. కళ్లు మూసుకొని తల నుంచి తోక దాకా తడిమాడు. మళ్లీ మొదటి నుంచి తడిమాడు.

"పొడుగు తగ్గింది."

"సగం చినిగిపోయింది పెద్దబాపూ."

వేళ్లు నడుమ దగ్గర ఆగాయి. "నున్నగున్నది బిడ్డా."

తొమ్మిదేళ్లప్పటి పాఠం నాకు గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. రెక్క పట్టి బయటికి పంపాను. "ముసలిదైంది కదా, అరిగిపోయింది" అన్నాను.

నవ్వాడు. "నా లెక్కనే అరిగిందా?" అని దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నేను మా గది తలుపు కింద సందులో పాత గుడ్డలు కుక్కాను. పాపను వసారాలో దించడం మానేశాను. ఆయన షెడ్డుకు అసలు తలుపే లేదు.

శ్రావణంలో ఒక పగలు కరెంటు పోయి వచ్చింది. సాంచలు మొదలైన కాసేపటికి పెద్దబాపు వసారాలోకి వచ్చి చెయ్యి చూపించాడు. బొటనవేలి పక్కన రెండు చుక్కలు, చుట్టూ వాపు.

"మనదే. కండెల గంపల పండుకున్నది. నేను చూడక చెయ్యి పెట్టిన. బెదిరింది పాపం, తప్పు నాదే."

"దవాఖానకు పోదాం పెద్దబాపూ" అన్నాను.

"జెర్రిపోతు కరిస్తే దవాఖానకు పోతరా? నలుగురు నవ్వుతరు." హౌజు దగ్గర చెయ్యి కడుక్కొని మళ్లీ షెడ్డులోకి పోయాడు. సాంచ నడుస్తోంది మరి.

ఆయన్ను కదిలించడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. ఇంకో జెర్రిపోతు వచ్చి ఉండొచ్చు కదా అని నన్ను నేను నమ్మించుకుంటూ పాపను భుజాన వేసుకొని వసారాలో అటూ ఇటూ తిరిగాను. అరగంట. నన్ను ఎవరూ పట్టి ఆపలేదు, నా నోటికి ఎవరూ తాళం వేయలేదు.

బయటికి వచ్చినప్పుడు ఆయన రెప్పలు సగం వాలి ఉన్నాయి. "నిద్రొస్తుంది బిడ్డా" అన్నాడు, నాలుక మడతపడుతోంది. అవ్వకు పాపనిచ్చి రోడ్డు మీదికి ఉరికి ఆటో ఆపాను.

కరీంనగర్ దారిలో ఆయన తల నా ఒడిలో ఉంది. చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి. కాని వినడానికి చెవులు లేవు, చూడటానికి రెప్పలు లేవడం లేదు. ఎడమ కంటి రెప్పను నా వేలితో పైకెత్తి పట్టుకున్నాను. ఆ కంటి ముందు నా నోరు పెట్టి, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికాను. "జెర్రిపోతును నేనే కొట్టిచ్చిన పెద్దబాపూ. ఎండాకాలంల. నీకు అబద్ధం చెప్పిన."

కన్ను నా పెదవుల మీదే నిలిచింది. అర్థం కాలేదేమోనని మళ్లీ మొదలుపెట్టబోయాను. బాగున్న చేత్తో నా నోటిని మెల్లగా మూశాడు. మాట ముద్దగా వచ్చింది.

"నా వేళ్లు చెప్పినయ్ బిడ్డా. నేనే నిన్ను నమ్మిన."

తర్వాత ఇంకేదో అన్నాడు. "పాప" అన్నది ఒక్కటే తెలిసింది. మళ్లీ మాట్లాడలేదు. డాక్టరు ఇంజక్షన్ల మీద ఇంజక్షన్లు ఇచ్చాడు. జర ముందు తెస్తే బాగుండేది అని మాత్రం అన్నాడు. ఆ జర ఎవరి దగ్గర ఆగిందో ఆయనకు తెలియదు.

దహనం అయిన మరుసటి రోజు వాడకట్టు మగవాళ్లు కట్టెలతో వచ్చి రాళ్ల గోడ విప్పారు. నాగుపాము దొరికింది. అందరూ నా దిక్కే చూశారు. ఈసారి కొట్టమనలేదు. పాములు పట్టే మనిషిని పిలిపించి అడవిలో విడిపించాను. "ఈమెకు పిచ్చి లేసింది" అన్నారు. అప్పుడు అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దబాపు సాకిన పాము ఆయన్ను కరవలేదని, దాన్ని నేను చంపించానని. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కట్టెలు ఇంటి గోడకు ఆనించి వెళ్లిపోయారు.

నిన్న షెడ్డులోకి వెళ్లి సాంచ మీద ఉన్న బట్టను కోయించి తెచ్చాను. తెల్ల బట్ట, ఇంకా పూర్తికాలేదు. ఆయన బీడీ తాగే బండమీద కూర్చొని, కళ్లు మూసుకొని, ఆయన లెక్కనే ఎడమచేత్తో తడిమాను. గజాలకు గజాలు ఎక్కడా ఆగలేదు. ఆఖరికి వచ్చేసరికి వేలు ఒక సందులో దిగింది. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. మూడు పోగులు తెగాయి. ఆపడం, ముడి వేయడం లేదు. సాంచ అట్లే నడిచింది. ఆ అరగంట బట్ట అది, నేను పాపను ఎత్తుకొని వసారాలో తిరిగిన అరగంట.

దాన్ని పెద్దమ్మ పెట్టెలో, కుబుసాల మీద పెట్టాను. పాప పెట్టె అంచు పట్టుకొని లేచి నిలబడి, బట్ట మీద చెయ్యి వేసి అటూ ఇటూ పాముతోంది. చిన్న వేళ్లు. సందుల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగుతున్నాయి.