మా మేస్టారి అసలు పేరు

ప్రభాకరరావు మేస్టారు పరమపదించారు. మొన్న పొద్దున్న మందస నుంచి ఆ దుర్వార్త వచ్చేసరికి నేను పూండి బడిలో పదో తరగతికి సరళాదేశ సంధి చెబుతున్నాను. ఆ పాఠం నాకు నేర్పింది ఆయనే. పిల్లల్ని చదువుకోమని చెప్పి, వరండాలోకొచ్చి ఏడ్చాను.

ముప్పయ్యేళ్ళు ఉద్దానం పిల్లలకు తెలుగు బోధించిన ఆ వాత్సల్యమూర్తికి ఓ అలవాటుండేది. హాజరు పిలుస్తూ ఒక్కో పేరుకీ అర్థం వివరించేవారు. కూర్మారావంటే శ్రీకూర్మం స్వామి వరమనీ, నీలాచలమంటే పూరీ జగన్నాథుడి కొండనీ చెప్పేవారు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం గబగబా దాటేసేవారు. నా పేరు తవిటమ్మ. తవుడు పశువుల మేత కదా, వెనక బెంచీవాళ్ళు అంబా అనేవారు. నా ఉక్రోషం ఆ దేవుడికే ఎరుక.

పదో తరగతి పరీక్ష దరఖాస్తే సులువుగా పేరు మార్చుకోవడానికి ఆఖరి అవకాశం. తన్మయి అని రాయమని పట్టుబట్టాను. మేస్టారు కలానికి మూత పెట్టేశారు.

"పేరెట్టినోళ్ళని అడిగి రామ్మా. రేపు నువ్వేటి రాయమంటే అదే రాస్తాను."

ఇంటికెళ్ళి అమ్మ మీద విరుచుకుపడ్డాను. జీడిపిక్కలు ఎండబోస్తున్న అమ్మ తలెత్తకుండానే చెప్పింది.

"నీ ముందు ముగ్గురు పుట్టి పోనారే. నిన్ను సేటలో ఎట్టి, పక్కింటి గున్నమ్మకి సోలెడు తవుడుకి అమ్మేసినాను. పరాయి పిల్లవైపోతే సావు నిన్నెందుకు సూస్తది?"

గున్నమ్మ ఆ సాయంత్రమే నన్ను తిరిగి అమ్మ చేతికిచ్చి, తన పిల్లని పెంచి పెట్టమందట. ఆవిడ ప్రతి పండక్కీ నాకు గాజులెందుకు తెచ్చేదో అప్పటికిగాని అర్థం కాలేదు. మర్నాడు ఉన్న పేరే రాయమన్నాను. మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఎందుకు తుడుచుకున్నారో ఈ మధ్యనే తెలిసింది. కిడ్నీలు చెడిన ఆయన్ని పలాసకి డయాలసిస్‌కి పాత శిష్యులం వంతులేసుకుని తీసుకెళ్ళేవాళ్ళం, శనివారాలు నా వంతు. ఓ శనివారం మంచం మీద పడుకుని చెప్పారు. ఆయన అసలు పేరు పెంటయ్య. వాళ్ళమ్మకీ ముందు పిల్లలు దక్కక, ఈయన పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకుందట. ఉద్యోగంలో చేరేముందు ఆ పేరుకి సిగ్గుపడి ప్రభాకరరావయ్యారు. కొత్త బడికి క్యారేజీ తెచ్చిన ఆ తల్లి గేటు దగ్గర పెంటయ్యా అని పిలిస్తే, పిల్లలు నవ్వుతారని వినబడనట్టు ఊరుకున్నారు.

"ఆ రోజు నుంచి మా అమ్మ కూడా నన్ను మేస్టారూ అనే పిలిచింది తల్లీ. సచ్చిపోయేదాకా." నా వైపు తిరిగి, "ఓసారి నువ్వు పిలు, ఆ పేరుతో" అన్నారు.

గురువుని పేరు పెట్టి పిలవడమా! నాకు నోరు రాలేదు. పడుకోండి మేస్టారూ అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి కళ్ళు మూసుకున్నారు.

ఉద్దానానికి తెలుగు పంతుళ్ళు ఇంకా వస్తారు. తను పోగొట్టుకున్నది నన్ను పోగొట్టుకోనివ్వని ఆ పుణ్యాత్ముడు మళ్ళీ రారు. ఆయనిచ్చిన ఆ ఒక్కరోజు గడువే నాకు మా అమ్మని చూపించింది. ఆనాడు రాని నోటితో ఇప్పుడు చేతులు జోడించి పిలుస్తున్నాను.

పెంటయ్య మేస్టారూ, మీ తవిటమ్మ వచ్చింది. హాజరు వేసుకోండి.