అయిదు దిక్కుల క్యాంటీను

దిక్కుల బాబాయికి కంటపడిన దేన్నైనా అయిదు ప్రాంతాలుగా విడగొట్టందే ముద్ద దిగేది కాదు.

అది ఉద్యోగం అంటించిన జబ్బు. ఖండంలోని దేశాలన్నీ కలిసి పెట్టుకున్న కూటమి ఆఫీసులో, ఏ దేశం ఉత్తరం, ఏది దక్షిణం, ఏది తూర్పు, ఏది పడమర, ఏది మధ్య అన్న జాబితా ఆయన చేతిలో ఉండేది. అధ్యక్ష పదవి ప్రాంతాల వారీగా వంతులు తిరుగుతుంది. అందుకని వంతు దగ్గరపడిన ప్రాంతంలోకి దూరిపోదామని, ఉత్తరాన ఉన్న దేశం కూడా తాను పడమరేనని వాదనకొచ్చేది. బాబాయి మ్యాపు పరిచి, స్కేలు పెట్టి చూపించి, టీ ఇప్పించి వెనక్కి పంపేవాడు.

ముప్ఫై ఏళ్లు ఇదే పనయ్యేసరికి క్యాంటీను కూడా ఖండమైపోయింది. అయిదు బల్లలు, అయిదు ప్రాంతాలు. ఇంట్లో మంచానికీ సరిహద్దు గీశాడనీ, పిన్ని రెండు దిండ్లతో దండెత్తి మొత్తం ఆక్రమించుకుందనీ ఆఫీసులో చెప్పుకునేవారు.

కొత్తగా చేరిన అనువాదకురాలు మొదటిరోజు కిటికీ పక్కన ఒంటరిగా కూర్చోబోయింది.

"అది పడమరమ్మా. నువ్వు తూర్పు. అక్కడ ఒకరు తక్కువయ్యారు," అంటూ బాబాయి ఆమెను డబ్బాతో సహా నడిపించుకుపోయాడు.

తూర్పు బల్ల దగ్గర అందరూ వాగుడుకాయలే. వారం తిరిగేసరికి ఎవరి మోకాలు ఏ వేళకు నొప్పి పెడుతుందో కూడా ఆమెకు తెలిసిపోయింది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్న రోజులూ ఉన్నాయి. అయినా కిటికీ మీద మనసు పోలేదు.

ప్రాంతం మార్చమని అర్జీ పెడదామని, ఎవరిది ఏ బల్లో బాబాయి రాసిపెట్టిన క్యాంటీను పాత జాబితాలు బీరువాలోంచి దించింది. సరిహద్దులు పద్నాలుగు సార్లు మారాయి. ప్రతిసారీ తేదీ పక్కన ఒకటే మాట: 'కొత్త మనిషి.' ఎవరు కొత్తగా వచ్చి ఒంటరిగా కూర్చున్నా, ఆ రోజే ఏదో ఒక బల్లకు ఒకరు తక్కువయ్యేవారు. తను చేరిన రోజు జాబితా కూడా చూసుకుంది. తూర్పులో నిజానికి ఒకరు ఎక్కువే ఉన్నారు.

ఆమె అర్జీ మాట మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నమే, కొత్తగా వచ్చిన గేటు కాపలాదారు లోపలికి రావడానికి మొహమాటపడి, బయట మెట్ల మీద డబ్బా విప్పుకున్నాడు. పిలిస్తే పర్లేదన్నాడు. బాబాయి గుమ్మంలో నిలబడి చాలాసేపు కళ్లతోనే కొలిచాడు.

"మెట్ల దాకా తూర్పే," అన్నాడు చివరికి, తూర్పు బల్లకేసి తిరిగి. "లేవండి."

తూర్పువాళ్లు ఆరుగురూ గొణుక్కుంటూ డబ్బాలెత్తుకుని మెట్లకు చేరారు. కాపలాదారు కంగారుగా లేవబోతే, అనువాదకురాలు పక్కనే చతికిలబడింది.

"లేవకండి, కాస్త అటు జరగండి," అంది. "మా ప్రాంతమంతా ఇక్కడ పట్టాలి."