మెడలో తెల్ల పట్టీ

లా మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ కోసం మహారాష్ట్ర అంచున తెలుగు మాట్లాడే మా సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి తెల్లవారుజాము బస్సెక్కాను. అప్పటికే ముగ్గురు వకీళ్లు కాదన్నారు. ఈసారైనా కాస్త వకీలులా కనబడదామని అమ్మతో తెల్ల పట్టీ కుట్టించుకుని మెడలో కట్టుకున్నాను.

కోర్టు వరండాలో కాలు నిలవక తిరుగుతూ అమ్మతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే, అది విని మా వైపు బామ్ని నుంచి వచ్చిన ముసలి రైతొకాయన పొలం కాగితాలు నా చేతిలో పెట్టాడు.

"మా వకీల్ సాబ్‌కు తెలుగు రాదు, కోర్టు మరాఠీ నాకు సమజ్ గాదు. జర నువ్వు ఆయనకు చెప్పు బిడ్డా."

ఇంతలో ఆ వకీలే వచ్చారు. నేను పని అడగాలనుకున్నదీ ఆయన్నే! చదువుకుంటున్నానని చెప్పానో లేదో, "స్టూడెంటువి, వకీళ్ల పట్టీ ఎట్లా కట్టావు?" అని మరాఠీలో అందరి ముందూ కేకలేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. పట్టీ విప్పేసి, కాగితాలు రైతుకు తిరిగి ఇవ్వబోయాను.

రైతు తీసుకోలేదు. "పట్టీ తీస్తే తెలుగు పోతదా బిడ్డా? నా గోస సార్‌కు చెప్పు."

ఆయన చెబుతుంటే, పక్క పొలం వాళ్లతో ఉన్న గట్టు తగాదా అంతా మరాఠీలో చెప్పాను. వకీలు గారు రాసుకుని, "సోమవారం నుంచి పనికి రా. మెడలో అది లేకుండా" అన్నారు.

పట్టీ నా పెట్టెలోనే ఉంది. సనదు, అంటే వకీలు లైసెన్సు, వచ్చాకే కట్టుకుంటాను. నా మొదటి క్లయింటుకు మాత్రం దాని అవసరమే పడలేదు.