క్రికెట్ పందాల నుండి నా భర్తను లాగిన ప్రభువు

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది మా బ్రతుకు ఎంత చీకటైపోయిందో ఏమని చెప్పను! నేను మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను, నా భర్త యోసేపు సల్వాలో డ్రైవరు, రాయచోటి దగ్గర మా పల్లె. ఆయన జీతమంతా ఫోనులో క్రికెట్ పందాలకే పోయేది, ఊళ్లో మా పాప బడి మానే స్థితి వచ్చింది, నేను ఇంటి యజమానురాలు మామాకు కనబడకుండా వంటింట్లో ఏడ్చేదాన్ని.

ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక ఆయన సంబరంగా ఫోను చూపించాడు.

"చూడుమే, ఈ ఒక్క మ్యాచ్ మీద మొత్తం పందాలు ఎన్ని కోట్లో!"

"అదంతా ఎవురో గెల్చిన దుడ్డా?"

"కాదులే, అందరూ పెట్టింది కలిపిన లెక్క. గెల్చినోడు అదే దుడ్డు మళ్లా పెడతాడు, అదీ కలుస్తాది. ఎవురు ఓడినా యాప్ కంపెనీ వాటా కంపెనీకి వస్తాది. వఫ్రా తోటల్లో మనోళ్లను చేర్పిస్తే, వాళ్లు పెట్టేదాన్ని బట్టి నాకూ కమీషన్ అంట."

"వాళ్లు ఓడిపోయినా నీకు వస్తాదా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, బండెక్కి వఫ్రాకు వెళ్లిపోయాడు! నేను అన్నం ముట్టకుండా మోకాళ్లూని, "తండ్రీ, ఆయన నోరు కట్టెయ్యి, పరాయి బిడ్డల కష్టం మా ఇంటికి రానియ్యొద్దు" అని మొరపెట్టాను.

దేవునికే మహిమ! అక్కడ మస్తాన్ అనే మా ఊరివైపు కూలీ ఆయనతో, "అన్నా, వదిన నిత్యం ప్రార్థన చేస్తాదంట గదా, మీ ఇంట్లో మోసం ఉండదు, నువ్వు పెట్టమంటే ఇఖామా పర్మిట్టు కట్టేదానికి దాచింది పెడతా" అన్నాడట. నా భర్తకు మాట పెగల్లేదు, కళ్ల నీళ్లు తిరిగాయి, చివరికి "వద్దబ్బా! ఆ కోట్లు ఎవురి లాభమూ కాదు, మనలాంటోళ్ల దుడ్డే తిరిగి తిరిగి అరిగిపోతాది" అని, అందరి ముందే ఆ యాప్ తీసేశాడు. కమీషన్ ఇస్తానన్న ఏజెంటు ఫోను చేసి బెదిరించాడు, ఆశ చూపాడు, ఆయన కదలలేదు, పాప మళ్లీ బడికి పోతోంది, నా ప్రభువు ఎంత మంచివాడు!

ప్రియులారా, మీ ఇంట్లో ఎవరైనా ఆ ఫోనుకు అంటుకుపోయి ఉంటే సిగ్గుపడి దాచొద్దు. నా మొర ఆలకించిన దేవుడు మీ మొర తోసివేయడు. కూడిక ముగిశాక మా దగ్గరకు రండి, వాళ్ల పేరు చెప్పండి, నేనూ నా భర్తా మీతో కలిసి మోకాళ్లూనుతాం.