ఇన్‌స్పెక్టరుకు కుట్టిన బూట్లు

హాద్నె రెయిన్‌డీర్ వెన్నునరాన్ని పళ్ళతో చీల్చి దారంగా పేనుతోంది. బూట్ల పైభాగాలు అయిపోయాయి. అడుగులు మిగిలాయి. ముప్పై ఏళ్ళుగా ఆ మంచు మైదానంలో రెయిన్‌డీర్ మంద కాసేవాళ్ళందరి కాళ్ళకూ ఆమె కుట్టే దిక్కు.

తోలు గుడారం గుమ్మంలో వన్యప్రాణి రిజర్వు ఇన్‌స్పెక్టరు జవ్యాలోవ్ నిలబడ్డాడు. ఆ రిజర్వులోకి రోడ్డు లేదు. హెలికాప్టరులో, పట్నం బూట్లతో దిగాడు. ఒక్క రోజులోనే చలికి కాలి వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"ఎప్పటికవుతాయి?"

"కుట్టడం అయ్యాక. మా మంద పోయే నది దారి సంగతేం చేశావు?"

"రిజర్వులోంచి పోయే ఆ దారి మూసేశామని నిన్నే చెప్పాను. మందను కొండ చుట్టూ తిప్పుకోండి."

"పన్నెండు రోజులు ఎక్కువ. దూడలు దారిలోనే పుట్టి దారిలోనే చస్తాయి. ఆ దారి ఎప్పుడైనా నడిచావా?"

"మ్యాపులో చూశాను."

అతడు వెళ్ళాక సూది తోలులో కసిగా దిగింది.

మరిది ఎదేయ్కో చేపలతో వచ్చి, పూర్తయిన బూటు తిరగేసి పకపకా నవ్వాడు. "వదినా, ఇదేం అడుగు?"

గిట్టల సందున పెరిగే ముతక వెంట్రుకల తోలుతో అడుగు వేస్తారు. ముందు ముక్క వెంట్రుకలు వెనక్కి, మడమవి ముందుకు వాలాలి. అప్పుడే మంచు మీద కాలు నిలుస్తుంది. హాద్నె కోపంలో రెండింటినీ ఒకే వైపు కుట్టేసింది.

"ఉంచెయ్ వదినా. నది మీద వెల్లకిలా పడనీ, మ్యాపుతో సహా."

"నోర్ముయ్. కాళ్ళు వాడివి, కుట్టు నాది."

కుట్లు విప్పేసింది. పాత సూది రంధ్రాల తోలు తడి పీలుస్తుంది, మళ్ళీ పనికిరాదు. తన బూట్ల కోసం దాచుకున్న తోలు తీసి కోసింది. పెదవి బిగించి, పొద్దు వాలేదాకా మళ్ళీ కుట్టింది.

మర్నాడు జవ్యాలోవ్ ఆ బూట్లు తొడుక్కుని గడ్డకట్టిన నది మీద అటూ ఇటూ నడిచాడు. కాలు జారలేదు. జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బు అక్కర్లేదు," అంది హాద్నె. "మమ్మల్ని పొమ్మన్నావే, ఆ కొండ చుట్టు దారి వీటితో నడువు. నడిచొచ్చి, నది దారి మూసిన ఆ కాగితం మళ్ళీ చదువు."

"నడవకపోతే?"

"ఇప్పుడే విప్పు. నీ పట్నం బూట్లతో పో."

అతడి మొహం ఎర్రబడింది. వంగలేదు, విప్పలేదు. ఎదేయ్కో వైపు తిరిగి, "స్లెడ్జి బండి కట్టు. కొండ వైపు," అన్నాడు గట్టిగా.

"స్లెడ్జి మూటలకి. నువ్వు నడుస్తావు," అంది హాద్నె. అతడి పట్నం బూట్లు తాడుతో ముడేసి చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయింది.