గోతికి కాపలా

మా బావ స్కూటరు బుక్ చేసి ఆరేళ్ళు ఎదురుచూశాడు. అది ఇంటికొచ్చి రెండు నెలలు తిరక్కుండా నేను దాన్ని గోతిలో పడేశాను.

బావ అంటే మా అక్క మొగుడు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి జరుగుతున్న రోజులవి. అక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పరు నడిపేవాడు. నేను పోర్టులో గుమాస్తాని. ఆ రోజు అక్క చేపల పులుసు వండి, మల్కాపురంలో ఉన్న మా పిన్నికి ఇచ్చి రమ్మంది. బస్సులో పులుసు ఒలికిపోతుందని స్కూటరు ఇమ్మని బావని తనే ఒప్పించింది. దారిలో మలుపు దగ్గర ఎవరో పైపుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. రాత్రి కురిసిన వానకి ఎర్రనీళ్ళు నిండి రోడ్డుతో సమానమైపోయింది. నేను రోడ్డే అనుకున్నాను. ముందు చక్రం దిగబడింది, ఫోర్కు వంగింది, లైటు పగిలింది. నాకు మోచెయ్యి దోక్కుపోయింది. మోచెయ్యి గురించి ఎవరూ అడగలేదు.

బావ నన్ను తిట్టలేదు. తిట్టేసినా బాగుండేది. ఇంటికొచ్చిన ప్రతివాడితోనూ నేను వింటుండగానే, “నడపడం రానోడి సేతికిచ్చినాను. తప్పు నాదే” అనేవాడు. అక్క మా ఇంటికి రావడం మానేసింది. వస్తే మొగుడి వైపు మాట్లాడాలో తమ్ముడి వైపు మాట్లాడాలో తెలియడం లేదని అమ్మతో చెప్పుకుని ఏడ్చిందట. అది విని నాకు ఒళ్ళు మండింది. తప్పు గోతిదేనని ముద్ర వేసిన కాగితం తెచ్చి బావ ముందు పెడితే తప్ప ఈ గొడవ తేలదనుకున్నాను. నష్టపరిహారం ఇప్పించమని మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టాను. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల” అంది అమ్మ. తొక్కడం ఎలాగూ అయిపోయింది కదా, కడుక్కోనియ్యవే అన్నాను.

ఆఫీసులో గుమాస్తా నాలాంటివాడే. అర్జీ అంతా చదివి, “గొయ్యి కొలతలేవండీ?” అన్నాడు. మర్నాడు వెదురుకర్రతో కొలిచి రాసుకెళ్ళాను.

“మీరు కొలిస్తే చెల్లదు. మా ఓవర్సీయరు గారొచ్చి కొలవాలి.”

“ఎప్పుడొస్తారు?”

“ఉత్తరం వస్తుంది. ఆయనొచ్చేదాకా గొయ్యి మాత్రం ఉండాలండి. లేకపోతే అర్జీ లేదు.”

ఇదెక్కడి తద్దినంరా అనుకున్నాను. ఎందుకంటే మా వైపు జనం రోడ్డు మీద గొయ్యి కనబడితే ఊరుకోరు. ఆఫీసులకి చెప్పరు, చేతిలో ఉన్నది అందులో పడేసి పోతారు. టీ కొట్టువాడు పొయ్యిలో బూడిద పోస్తాడు. ఇల్లు కట్టుకునేవాడు ఇటుక ముక్కలు వేస్తాడు. నేను రోజూ డ్యూటీ దిగి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, గోతిలోకి దిగి ఆ ముక్కలన్నీ ఏరి బయట పడేసేవాణ్ణి. ఇలా మూడు నెలలు. చేపల తట్టతో అటు పోయే ఒక ముసలమ్మ ఓ రోజు ఆగి చూసింది.

“ఏటి బాబూ, గోతికి కాపలా కాత్తన్నావా?”

“అర్జీ పెట్టానమ్మా.”

“అలాగా” అని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నన్ను చూస్తే రోడ్డుకి అటు పక్కనుంచి నడిచేది.

చివరికి ఉత్తరం వచ్చింది. మంగళవారం ఉదయం ఓవర్సీయరు వస్తాడు. అక్కకి కబురు పంపాను. మంగళవారం నేను వెళ్ళేసరికి గొయ్యి లేదు. గ్రావెల్ పోసి, నీళ్ళు చల్లి, పారతో చక్కగా చదును చేసి ఉంది. ఊరు మొత్తం మీద అంత మంచి రోడ్డు నేను చూడలేదు. ఓవర్సీయరు టేపు తియ్యకుండానే ఏదో రాసుకుని పోయాడు. ఎవరు పూడ్చారని టీ కొట్టువాణ్ణి అడిగాను.

“నిన్న సాయంత్రం టిప్పరొచ్చినాది బాబూ. డ్రైవరే దిగి సదును సేసీసేడు.”

తిన్నగా బావ ఇంటికి వెళ్ళాను. అన్నం తింటున్నాడు.

“నువ్వేనా?”

“నానే.”

“ఇవాళ కొలతలని తెలీదా?”

“తెలుసు. మీ అక్క సెప్పినాది.” ముద్ద మింగి మళ్ళీ అన్నాడు. “అందులో ఇంకెవుడైనా పడి సత్తే నీ కాయితం ఏటి సేత్తాది?”

నా కోపం తగ్గలేదు. అక్క కంచం పెడుతుంటే వద్దని వచ్చేశాను.

నెల తర్వాత ఆఫీసు కాగితం వచ్చింది, ముద్రతో సహా. అర్జీదారు చెప్పిన చోట గొయ్యి లేదు, వాహనం నడిపిన వ్యక్తి అజాగ్రత్తే కారణం, అర్జీ తిరస్కరించడమైనది. ఇక దాచేదేముంది, పట్టుకెళ్ళి బావకే ఇచ్చాను. వాకిట్లో నిలబడి రెండుసార్లు చదివాడు.

“అబద్దం రాసీసేరు” అన్నాడు.

కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

“గొయ్యి లేదంతాడేటి? ఒక టిప్పరు పోత్తే సాల్లేదురా. మళ్ళీ ఎల్లి రెండో ట్రిప్పు తెచ్చినాను. అందులో పడి నువ్వెలా బతికేవో నాకు తెల్దు.”

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బావ లోపలికి వెళ్ళి నోటుబుక్కులో కాగితం చింపి, అరుగు మీద కూర్చుని, ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ రాశాడు. గొయ్యి ఉన్నమాట నిజం, రెండు టిప్పర్ల గ్రావెల్ పోసి పూడ్చింది నేనే, నా బావమరిది తప్పేమీ లేదు. కింద సంతకం, టిప్పరు నంబరు. దాన్ని జత చేసి మళ్ళీ పంపమన్నాడు.

నేను పంపలేదు. కాంట్రాక్టరు గ్రావెల్ తీసుకెళ్ళి ఊరి గోతిలో పోశానని స్వయంగా రాసిచ్చిన డ్రైవరుకి మర్నాడు పని ఉండదు. ఆ సంగతి రాసేటప్పుడు బావకీ తెలుసు.