కింది గొంతు

మా ధర్మేందర్ కాకకు ఉన్న పిచ్చి ఒక్కటే. పాట మోగుతున్నంతసేపూ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు.

గౌడవెల్లిలో ఆయన ఇల్లు రైలు పట్టాల పక్కనే. అలాంటి చోట నిశ్శబ్దం కోరుకునే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి!

ఒకప్పుడు సికింద్రాబాద్‌లో నలుగురు మిత్రులు గిటార్లు పట్టుకుని, పల్లెపాటలను నాలుగు గొంతులు కలిపి పాడేవారు. వాళ్ల పాటలను ఈమధ్య ఎవరో అసలు టేపు నుంచి శుభ్రం చేసి, దళసరి నల్ల రికార్డుగా మళ్లీ తెచ్చారు. కాక అది కొన్నాడు. నలుగురిలో కింది స్థాయిలో పాడిన మొగులయ్య ఆయన ప్రాణస్నేహితుడు. పోయి చాలాకాలమైంది. పాత క్యాసెట్లో గరగరే తప్ప అతని గొంతు తెలిసేది కాదు.

ఇక ప్రతి ఆదివారం రైలు దాటగానే కాక ఫ్యాను ఆపుతాడు, ఫ్రిజ్ ప్లగ్గు పీకుతాడు, కుక్కర్ దించుతాడు. సరళ చిన్నమ్మ గాజులు తీసి పక్కన పెట్టాలి.

"పాలు ఇరుగుతయి!" అంటుంది చిన్నమ్మ.

"ఇరగనీ. కింది గొంతు పోతాంది."

నేనోసారి తుమ్మితే సూది ఎత్తేసి, పాట మొదటి నుంచి పెట్టాడు.

ఇంత హడావుడికీ పిలిచే అతిథి ఒక్కరే, మొగులయ్య భార్య కమలాబాయి. రికార్డు మోగే పెట్టె పక్క కుర్చీ ఆమెదే.

మొన్న ఉక్క భరించలేక, కాక చూడకుండా మూలనున్న టేబుల్ ఫ్యాను వేశాను. పాట మొదలైంది. కమలాబాయి మా ముఖాలు చూస్తూ తల ఊపింది. పాట అయిపోయింది. ఆమె ఇంకా ఊపుతూనే ఉంది.

అప్పుడు మూలన తిరుగుతున్న ఫ్యాను చూసి, కాక నన్ను అరుగు మీదికి లాక్కెళ్లాడు. "ఆమెకు చెవులు రోజురోజుకు మందమైతున్నయ్ బిడ్డా. ఏ జర సప్పుడున్నా మొగులయ్య గొంతు ఇనబడది. చెవిటిదంటే సిగ్గుపడి ఇల్లు కదలది. నన్నే పిచ్చోడనుకోనీ, ఏం పోతది?"



కాక లోపలికి వచ్చి ఫ్యాను ఆపి, గట్టిగా అన్నాడు. "వదినా, నా చెవులు ఖరాబైనయ్, ఏం సమజ్ కాలె. మల్ల పెడ్త."

ఈసారి కమలాబాయి పెట్టె మీదికి వంగింది. రెండో చరణంలో ఉలిక్కిపడి కాక చెయ్యి పట్టుకుంది.

"గిదో! గిక్కడ్నే శ్రుతి తప్పిండు! బతికినన్ని దినాలు తప్పలేదని నాతోని కొట్లాడిండు. దొరికిండు సూడు!"

కాక పాట మధ్యలో పకపకా నవ్వాడు. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మల్ల పెట్టు ధర్మేందర్. ఇంకొక్కసారి తప్పుమను."